ఇంజను మాది, సోమవారం పెదనాయనది

ఒక ట్రాక్టరులో ఇంజను ఒకరి ఇంటిది, మిగతా ఒళ్లంతా ఇంకొకరి ఇంటిది అనుకోండి. ఆ రెండు ఇళ్లకూ రెండు వేరువేరు నియమాలు ఉన్నాయనుకోండి. అప్పుడు ఆ ట్రాక్టరు ఎవరి నియమానికి లోబడి నడుచుకోవాలి?

ఇది కాలేజీ చర్చాపోటీ కోసం కల్పించిన ప్రశ్న కాదు. అట్లాంటి పోటీల్లో మూడేళ్లు మాట్లాడి, డిగ్రీ చివరి పరీక్షలు రాసి నేను ఇంటికి వచ్చిన వేసవిలో, ఉరవకొండ దగ్గరి మా పల్లెలో, మా పెదనాయన కొట్టంలో నిజంగా ఎదురైన ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు ఉందనే అనుకున్నాను. ఒకటి కాదు, వరుసగా చాలా ఉన్నాయనుకున్నాను.

ముందు ఆ రెండు ట్రాక్టర్ల సంగతి చెప్పాలి. మా నాయనకూ, ఆయన అన్న అయిన మా పెదనాయనకూ ఒకప్పుడు పక్కపక్కనే చీనీ, అంటే బత్తాయి, తోటలుండేవి. చెట్ల వరుసల మధ్య పెద్ద ట్రాక్టరు తిరగదు. అందుకని అన్నదమ్ములిద్దరూ చెరొక చిన్న ట్రాక్టరు, వాడినవే, బెంగళూరు వైపునుంచి తెచ్చుకున్నారు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి. వెలిసిపోయిన ఆ నారింజ రంగు చూసి మా ఊళ్లో వాటిని కవలలనేవారు. తర్వాత బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. చెట్లను బతికించుకోవడానికి రెండు ట్రాక్టర్లూ వెనక నీళ్ల ట్యాంకు తగిలించుకుని ఏడాదికి పైగా ఊరికీ తోటకూ మధ్య తిరిగాయి. ఆ తిరుగుళ్లలోనే గుంతలదారిన మాదాని గేరుబాక్సు పళ్లు విరిగాయి. పెదనాయనదాని ఇంజను పట్టేసింది. చెట్లకు నీళ్లు మోస్తూ మోస్తూ దాని రేడియేటరులో నీళ్లు అయిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు. చివరికి చెట్లూ నిలవలేదు. అవి కట్టెలై పోయాక తోటలున్న చోట మళ్లీ వేరుశనగే వేసుకున్నాం. ట్రాక్టర్లు మాత్రం ఎవరి కొట్టంలో వాళ్లవి, దుమ్ము కప్పుకుని ఉండిపోయాయి.

ఆ జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం మంచి వాన పడింది. మా వైపు వాన పడడం సగం సంగతి మాత్రమే. తక్కిన సగం పదును. విత్తనం మొలకెత్తడానికి కావలసినంత తేమ నేలలో నిలిచి ఉండే ఆ కాస్త గడువునే పదును అంటాం. మాది నల్లరేగడి, మూడు నాలుగు రోజులు తడి దాచుకుంటుంది. పెదనాయనది గరుసు కలిసిన ఎర్రనేల. ఆ నెలలో మా దగ్గర వీచే గాలికి దాని తడి సోమవారం సాయంత్రం దాకా ఉంటే గొప్ప. పైగా ఊరంతా ఒకేసారి విత్తనానికి దిగుతుంది కాబట్టి బాడుగ ట్రాక్టరు దొరకదు. పెదనాయన ఎద్దులను అంతకు రెండేళ్ల ముందే, మేత లేక, అమ్మేశాడు. పెద్దమ్మ వేసవి అంతా వేళ్లు కాయలు కాసేలా ఒలిచి పెట్టిన విత్తనం ఇంట్లో సంచుల్లో ఉంది. ఆ చేను విత్తకపోతే ఆ సంవత్సరానికి వాళ్లకు వేరే పంట లేదు.

శనివారం సాయంత్రం వాన వెలిశాక మా నాయన అన్న ఇంటి అరుగు మీద కూర్చుని, ఇద్దరికీ తెలిసిందే పైకి అన్నాడు.

"మాదాని ఇంజను బాగుండాది. నీదాని ఒళ్లు బాగుండాది. రెండూ కలిపితే ఒకటైతాది కదన్నా."

"కలిపితే ఒకటైతాది," అన్నాడు పెదనాయన. "రేపు పొద్దుగూకేలోపల కలపల్ల. ఎల్లుండి సోమవారం."

ఆ చివరి మాట అర్థం కావాలంటే మా వైపు ఒక ఆచారం తెలియాలి. చాలా ఇళ్లలో సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. అది బసవన్న వారం. ఆ రోజు ఎద్దులను కడిగి, నొసట విభూతి పెట్టి, మేత వేసి ఊరికే వదిలేస్తారు. ఎద్దులు పోయాక చాలామంది ఇళ్లలో ఆ ఆచారం కూడా పోయింది. మా ఇంట్లోనూ అంతే, మా ట్రాక్టరు నడిచినన్నాళ్లూ దానికి వారాల పట్టింపు ఉండేది కాదు. పెదనాయన మాత్రం ఆచారాన్ని ఎద్దుల నుంచి దించి ట్రాక్టరు మీద పెట్టాడు. ఎద్దులు కట్టేసిన గుంజల మధ్యనే దాన్ని నిలిపి, అది నడిచినన్నాళ్లూ సోమవారం వచ్చిందంటే కడిగి, బానెట్టు మీద మూడు వేళ్లతో విభూతి గీసేవాడు. ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. ఆయన నవ్వినవాళ్లతో వాదించేవాడు కాదు.

ఆదివారం పొద్దున్నే ఉరవకొండ నుంచి ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీ వచ్చాడు. నాయనకు పాత స్నేహితుడు, చేతి కంటే నోరు ఎక్కువ పనిచేసే మనిషి. మూడు దూలాలను పైన కలిపి కట్టి, వాటికి చైను కప్పీ వేలాడదీశారు. బోల్టులు తుప్పు పట్టి కదలనన్నాయి. కిరసనాయిలు పోసి, సుత్తితో తట్టి, పానా పిడికి ఇనుప పైపు తొడిగి లాగాల్సి వచ్చింది. నేను కూడా ఆ పైపు చివర వేలాడాను.

"ఏం పాపా, కాలేజీలో ఇది కూడా నేర్పినారా?" అన్నాడు మేస్త్రీ.

"ఎదుటివాడు పట్టు వదిలేదాకా లాగమని నేర్పినారు మామా," అన్నాను.

"అట్లయితే నువ్వు ఈ బోల్టుతో మాట్లాడు. నేను టీ తాగొస్తా."

మధ్యాహ్నానికి పెదనాయన ట్రాక్టరు నుంచి పట్టేసిన ఇంజను దిగింది. మా కొట్టం నుంచి మా ఇంజనును తోపుడు బండి మీద తెచ్చాం. అది గొలుసు మీద గాలిలోకి లేచి కాస్త తిరుగుతూ ఉంటే మా అమ్మ, పెద్దమ్మ, దారిన పోయేవాళ్లు నిలబడి చూశారు. అప్పటికి చేను సరిగ్గా అదునుకు వచ్చింది. మట్టి చేతికి అంటకుండా, పిడికిట్లో పట్టుకుంటే ఉండ కట్టేలా ఉంది. పెదనాయన మాటిమాటికీ చేను వైపు, ఆ తర్వాత సూర్యుడి వైపు చూస్తున్నాడు. సోమవారం రాకముందే విత్తనాలు వేసే గొర్రు చేనులో దిగాలని ఆయన తొందర. ఆ తొందర అందరికీ అంటుకుంది.

ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. దానికి రెండు ముఖాలు. ఒకటి ఇంజను వైపే ఉండాలి. మేస్త్రీ ప్లేటు పట్టుకున్నాడు, నాయన రంధ్రాల గురి చూశాడు, పెదనాయన పొద్దు చూశాడు. ప్లేటు ముఖం ఎటు ఉందో ఎవరూ చూడలేదు. బోల్టులు బిగించి, రేడియేటరు నింపి, డీజిలు పోసి తిప్పితే ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. పెద్దమ్మ చేతులెత్తి దండం పెట్టింది. నాయన క్లచ్ తొక్కి గేరు వేయబోయాడు. లోపల ఇనుము ఇనుమును కొరికినట్టు చప్పుడైంది. మళ్లీ వేశాడు, మళ్లీ అదే చప్పుడు. క్లచ్ కడ్డీని అటూ ఇటూ సవరించి చూశారు. మేస్త్రీ ఇంజను ఆపమని, కిందికి వంగి చూశాడు. 

"ప్లేటు తిరగబడినట్టుండాదన్నా," అన్నాడు చివరికి. "మళ్లీ దింపల్ల."

అప్పటికి పొద్దు గూకుతోంది. సోమవారం దగ్గర పడుతోందన్న భయమే మమ్మల్ని సోమవారంలోకి తోసేసింది.

మరునాడు ఇంజనును మళ్లీ దింపడానికి పెదనాయన అడ్డు చెప్పలేదు. "నలతగా ఉంటే సోమవారమైనా ఎద్దుకు మందు పోస్తాం. కాడి పెట్టం, అంతే," అన్నాడు. ముందు రోజే ఊడిన బోల్టులు కాబట్టి పని త్వరగా సాగింది. అన్నం వేళకు ముందే ప్లేటు సరిచేసి, ఇంజను కూర్చోబెట్టి, తిప్పి చూశారు. గేరు మెత్తగా పడింది. నాయన ట్రాక్టరును కొట్టంలోనే ఒక మూర ముందుకు, ఒక మూర వెనక్కి జరిపి చూపించాడు. మేస్త్రీ తన పానాలు సంచిలో వేసుకుని బస్సుకు వెళ్లిపోయాడు. విత్తనం గొర్రు వాకిట్లో సిద్ధంగా ఉంది. పెదనాయన బక్కెట్టుతో నీళ్లు తెచ్చి ట్రాక్టరు కడగడం మొదలుపెట్టాడు.

నాకు ఓర్పు తప్పింది. నేను నేర్చుకున్న పద్ధతిలోనే, గొంతు పెంచకుండా మొదలుపెట్టాను.

"పెదనాయనా, పని చేసేది ఇంజను. అలిసేది కూడా ఇంజనే. ఆ ఇంజను మాది. మా ఇంట్లో దానికి సోమవారం లేదు. అట్లాంటప్పుడు ఈ రోజు విత్తితే నీ నియమం తప్పినట్టు ఎట్లయితాది?"

ఆయన చక్రం మీద మట్టి గీకుతూనే అడిగాడు. "కాడి యాడ పెడతారు పాపా? మెడ మీదనా, కడుపు మీదనా?"

ఇంజను కడుపైతే, మెడ ఆయన ట్రాక్టరుదే. నేను రెండో వాదానికి వెళ్లాను.

"ఎద్దుకు ప్రాణముంది. నొప్పి ఉంది. దీనికేముంది?"

"ఏమీ లేనిదానికి ఆయుధపూజ నాడు బొట్టు ఎందుకు పెట్టినావు? మీది నడిచిన రోజుల్లో దానికి గుమ్మడికాయ దిష్టి తీసింది నువ్వే కదా."

నాయన దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను అన్నింటికంటే బలమైనదని దాచుకున్న వాదం బయటికి తీశాను.

"సరే. కానీ ఈ పొద్దు విత్తకపోతే చేను పోతాది. నష్టం నీకే కాదు, పెద్దమ్మకూ. ఇంత నష్టం తెచ్చే ఆచారం ఎందుకు?"

ఆయన చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగింది. "నష్టం లేనప్పుడు పాటించేదాన్ని ఆచారమంటారా పాపా? దాన్ని తీరుబడి అంటారు."

ఈ మాట నాకు నచ్చింది, అదే నా ఇబ్బంది. ఏ ఖర్చూ లేని సూత్రం సూత్రమే కాదని ఎన్నో వేదికల మీద నేనే వాదించి ఉన్నాను. ఇప్పుడు అదే మాట ఎర్రమట్టి చేతులతో నాకు ఎదురుగా నిలబడి ఉంది. ఆయన మొండితనంతో మాట్లాడడం లేదని కూడా నాకు తెలుసు. ఎద్దులు లారీ ఎక్కిన రోజు నుంచి ఆయన దగ్గర మిగిలింది ఆ ఒక్క సోమవారమే.

మేమిట్లా మాట్లాడుతుండగానే పెద్దమ్మ ఇంట్లోనుంచి విత్తనం బుట్ట చంకన పెట్టుకుని, పార భుజాన వేసుకుని బయటికి వచ్చింది. వెనక మా అమ్మ, ఆమె వెనక పక్కింటి అత్తాకోడళ్లు.

"యాడికి?" అన్నాడు పెదనాయన.

"చేనికి. మీరు మాట్లాడుకోండి. పదును మీకోసం నిలబడదు."

వాళ్లు చేతులతో విత్తడానికి పోయారు. ఒకరు పారతో సాలు గీయడం, ఇంకొకరు వెనకే వంగి విత్తనం వేసి కాలితో మట్టి కప్పడం. నేనూ వెళ్లి ఒక పార అందుకున్నాను. వీపు మీద ఎండ, ముఖానికి గాలి. ఆ గాలికి ఎర్రనేల రంగు మారడం కంటికి కనిపిస్తోంది. గట్టు వైపునుంచి మొదలై తడి ఎరుపు మెల్లగా పాలిపోయిన ఎరుపు అవుతోంది. మేం ఐదుగురం ఎంత వంగినా ఆ చేనుకు ఒక పక్క అంచు కూడా పూర్తి చేయలేమని అందరికీ తెలుసు. 

బుట్టలో విత్తనం అయిపోతే పెద్దమ్మా నేనూ ఇంటికి వచ్చాం. కొట్టంలో ట్రాక్టరు తడి తడిగా మెరుస్తోంది. బానెట్టు మీద విభూతి గీతలు ఇంకా ఆరలేదు. పెదనాయన దాని పక్కన నిలబడి గుడ్డతో లైట్లు తుడుస్తున్నాడు. నాయన గుంజకు ఆనుకుని బీడీ వెలిగించకుండా పట్టుకుని ఉన్నాడు. పెద్దమ్మ సంచి వంచబోయి, నడుం పట్టేసి, పైకి లేచే ముందు ట్రాక్టరు మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించింది.

"జరుగు," అన్నాడు పెదనాయన, మామూలుగానే. "ఇప్పుడే కడిగినాను. మట్టి చెయ్యి పడతాది."

ఆమె చెయ్యి తీసింది. తన చెయ్యి చూసుకుంది, ట్రాక్టరును చూసింది.

"జరుగుతా లే," అంది. "దీని పుణ్యం బాగుండాది. నువ్వు రోజూ దండం పెడతావు కదా ఆ బసవన్నకు. వచ్చే జన్మలో నన్ను కూడా ఇనుముతో చెయ్యమని ఒక మాట చెప్పు. వారానికొక పొద్దయినా నడుం వాలుస్తా."

కోపంతో అనలేదు. ఎసరులో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు అని, బుట్ట నింపుకోవడం మొదలుపెట్టింది. నా నోట్లో ఆ క్షణాన ఇంకో వాదం సిద్ధంగా ఉంది. మంచి వాదమే. నేను దాన్ని బయటికి తీయలేదు. చెప్పాల్సింది అయిపోయిందనిపించింది.

పెదనాయన లైటు తుడవడం ఆపేశాడు.  గుడ్డను బక్కెట్టులో ముంచి పిండి, ఎద్దుల గుంజకు ఆరేశాడు. ట్రాక్టరు ముందుకు వచ్చి బానెట్టుకు నొసలు ఆనించి నిలబడ్డాడు. నొసటి మీద విభూతి అంటుకుంది.

"గొర్రు తగిలించు," అన్నాడు తమ్ముడితో.

నాయన తడబడ్డాడు. "అన్నా, సోమవారం కదా."

"సోమవారమే. ఈ పొద్దు దీనిది కాదు, మీ వదినది." తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, ఆమె చంకలోని బుట్ట తీసుకున్నాడు. "నువ్వు పోయి ఆ చేని గట్టున వేపచెట్టు కింద కూర్చో."

"కూర్చుని?"

"ఊరికే ఉండు."

"ఊరికే ఎట్ల ఉంటారు?" అంది పెద్దమ్మ. నిజంగానే అడిగింది, ఆమెకు తెలియదు. కాసేపటికి గట్టు మీద కూర్చుంది. అయినా చేతులు ఊరుకోలేదు. ఒళ్లో వేపపండ్లు ఏరుకుని, గింజలు వేరుచేస్తూనే ఉంది. పెదనాయన ట్రాక్టరు మీదనుంచి చూసి అరిచాడు.

"అది పని కాదా?"

"నువ్వు ముందు సాలు సక్కగా పట్టు," అని గట్టు మీదనుంచి ఆమె అరిచింది.

పొద్దు గూకేదాకా విత్తాం. నాయన, పెదనాయన మార్చి మార్చి నడిపారు. నేను, మా అమ్మ గొర్రు వెనక నడుస్తూ గొట్టాల్లోకి విత్తనం వదిలాం. మా ఇంజను చప్పుడు ఆయన ట్రాక్టరు ఒంట్లోనుంచి వస్తుంటే వినడానికి వింతగా ఉంది, తెలిసిన మనిషి కొత్త చొక్కా వేసుకున్నట్టు. చేనులో ఎక్కువ భాగం పూర్తయింది. ఏటవాలుగా ఉన్న పై కొస మిగిలిపోయింది. మంగళవారం పొద్దున దాన్ని కూడా విత్తాం కానీ అప్పటికే గాలి దాని తడిని తీసుకుపోయింది. మొలకలు వచ్చినప్పుడు ఆ కొసలో జానెడుకొకటి, మూరెడుకొకటి లేచాయి. తక్కిన చేను నిండుగా వచ్చింది. ఆదివారం ఆ క్లచ్ ప్లేటు సరిగ్గా పడి ఉంటే ఆ కొస కూడా నిండేదేమో. సోమవారం పొద్దునే ఆచారం సడలి ఉంటే కూడా నిండేదేమో. ఏది కారణమని తేల్చడానికి నేను ప్రయత్నించలేదు. మంగళవారం మధ్యాహ్నం నుంచి ట్రాక్టరు మా రేగడికి వచ్చింది.

ఇక్కడ పెదనాయన మారిపోయాడని రాస్తే చదవడానికి బాగుంటుంది. అట్లా జరగలేదు. ఆ తర్వాతి సోమవారం ట్రాక్టరు మళ్లీ గుంజల మధ్యకు చేరింది, నీళ్లతో కడిగించుకుంది, విభూతి పెట్టించుకుంది. పెద్దమ్మ తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించింది. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. ఆ రోజు నుంచి సోమవారాలు కొళాయి దగ్గర బిందెలు పట్టి ఇంటికి మోసేది ఆయన. మా ఊళ్లో మగవాడు బిందె భుజాన పెట్టుకుని నడివీధిలో రావడం చూడముచ్చట కాదు, చూడవింత. మొదటి వారం అరుగు మీద కూర్చున్నవాళ్లు ఊరుకుంటారా?

"ఏమప్పా, మీ ఇంటికి కొత్త కోడలు వచ్చినట్టుండాదే," అన్నాడొకడు.

"కోడలు కాదులే," అన్నాడు పెదనాయన నడక ఆపకుండా. "కాడి మార్చినాం."

బిందె నీళ్లు ఆయన చొక్కా మీద ఒలుకుతున్నాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న పెద్దమ్మ, "సగం వీధికే పోసినావు," అని గొణిగి, బిందె మాత్రం అందుకోలేదు. దించేదాకా అట్లాగే నిలబడింది.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఆ ట్రాక్టరు ఇప్పటికీ నడుస్తోంది, మంగళవారం నుంచి ఆదివారం దాకా. అది ఎవరిదని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఇంజనులో నూనె మా నాయన మారుస్తాడు, టైర్లలో గాలి పెదనాయన చూసుకుంటాడు. నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. అయితే ఆ రోజు మేమందరం ట్రాక్టరు విశ్రాంతి గురించి ఇంజనంటూ, మెడంటూ వాదించుకుంటున్నంతసేపూ, పక్కనే విత్తనం బుట్ట ఎత్తుకుంటున్న మనిషి విశ్రాంతి గురించి మాలో ఎవరికీ ప్రశ్న పుట్టలేదు. ఆ ప్రశ్న ఆమే అడగాల్సి వచ్చింది, అదీ వచ్చే జన్మకు పెట్టుకున్న అర్జీలాగా.

అందుకని మీకొక విన్నపం. మీ ఇంట్లో వారానికొక రోజు ఆగే వస్తువులేవో, మనుషులెవరో ఒకసారి చూడండి. ఎవరికి ఆ రోజు లేదో వాళ్లను పేరు పెట్టి పిలిచి, ఏ రోజు కావాలో అడగండి. ఆ రోజు వచ్చినప్పుడు వాళ్ల చేతిలోని బిందె మీరు తీసుకోండి. నీళ్లు కొంచెం ఒలికినా, వీధి నవ్వినా, ఇంటిదాకా మోయండి.